మా విచారణ (పారిష్) జూబిలీ పుస్తకం: పాత సంగతులు ఎక్కడ వెతకాలి?

కాప్రా_వాసి:
అందరికీ వందనాలు. మాది హైదరాబాద్ తూర్పు శివారు, ఈసీఐఎల్ వైపు. మా క్యాథలిక్ గుడి జూబిలీకి పుస్తకం వేస్తున్నారు, చరిత్ర రాసే పని విచారణ మండలి, అంటే మా పారిష్ కమిటీ, నాకు అప్పగించింది. చేతిలో ఉన్నవి రెండే: ఇప్పటిదాకా పనిచేసిన ఫాదర్ల పేర్లు, కొత్త గుడి ప్రతిష్ఠ నాటి ఫోటోలు. వాటినే అచ్చు వేస్తే పుస్తకం అయిపోతుంది గానీ అందులో జనం ఎక్కడా కనపడరు. 1967లో ఈసీఐఎల్, 1971లో ఎన్‌ఎఫ్‌సీ ఫ్యాక్టరీలు వచ్చాక ఉద్యోగాల కోసం ఇటు చేరిన కుటుంబాలు మొదట్లో పూజకు సికింద్రాబాద్ సెయింట్ మేరీస్‌కు బస్సులో వెళ్లేవాళ్లట, క్రిస్మస్ రాత్రి పూజ అయ్యాక తిరిగొచ్చే బస్సు లేక పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని గుడి ఆవరణలోనే తెల్లవార్లూ కూర్చునేవాళ్లట. తర్వాత ఒకరి ఇంటి వరండాలో నెలకోసారి పూజ, ఆ తర్వాత రేకుల షెడ్డు, ఇప్పుడు ఆదివారం మూడు పూజలు పెట్టినా జనం బయట ఎండలో నిలబడుతున్నారు. ఆ వరండా ఎవరిదని అడిగితే ముగ్గురు పెద్దవాళ్లు మూడు ఇళ్లు చూపించారు. ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

పాత_కాగితాలు:
అన్నా, ముందు ఫాదర్ గారి అనుమతి తీసుకుని జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) రిజిస్టర్ తెరవండి. నేను మా విచారణ ఆఫీసులో కొన్నాళ్లు రాతపని చేశాను. జ్ఞానస్నానాలు, వివాహాలు, మరణాలు, ఈ మూడింటికీ ప్రతి విచారణ రిజిస్టర్లు ఉంచాలని శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టమే చెబుతుంది. ఒక్కో వరుసలో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, అమ్మానాన్నల పేర్లు, జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి, జ్ఞానస్నానం ఇచ్చిన గురువు పేరు ఉంటాయి, ఆ బిడ్డ పెద్దయ్యాక పెళ్లి ఎక్కడ జరిగిందో పక్క అంచులో మళ్లీ రాస్తారు. ఏడాదికి ఎన్ని జ్ఞానస్నానాలో లెక్క కట్టుకుంటూ పోండి, మీ పేట ఏ ఏడు పలుచగా ఉందో ఏ ఏడు ఒక్కసారిగా నిండిందో కళ్ల ముందు కనపడుతుంది. ఇంటిపేర్లు చూస్తే ఎవరు గుంటూరు వైపు నుంచి వచ్చారో, ఎవరు వరంగల్ నుంచో సగం తెలిసిపోతుంది.

ఒక చిక్కు ఉంది. పీఠాధిపతి (బిషప్) గారి ఉత్తర్వు వచ్చాకే ఒక గుడి విచారణ అవుతుంది, అంతవరకూ ఉప కేంద్రమే. షెడ్డు రోజుల్లో మీ దగ్గర పుట్టిన పిల్లల వివరాలు మీ పుస్తకంలో ఉండవు, అప్పట్లో మీరు ఏ విచారణ కింద ఉన్నారో ఆ తల్లి విచారణలో ఉంటాయి. అక్కడికి వెళ్లాల్సిందే. బాగా పాత పుస్తకాలు లాటిన్‌లో ఉంటాయి, జోసెఫ్ అని ఉండాల్సిన చోట యోసేఫుస్ అని, జాన్ అయితే యోహాన్నెస్ అని కనపడుతుంది, కంగారు పడకండి. ఎవరి సొంత వివరాలూ వాళ్లను అడక్కుండా అచ్చులోకి ఎక్కించవద్దు.

గుణదల_మనవరాలు:
మాది విజయవాడ, గుణదల. ఇప్పుడు పుట్టిన పిల్లలకు చెబితే నమ్మరు గానీ మా అమ్మమ్మ చిన్నప్పుడు ఇది బెజవాడకు బయట ఊరే, కొండ, పొలాలు, కాలువ, అంతే. 1924లో ఫాదర్ అర్లాటి గారు ఇక్కడి అనాథ పిల్లల ఆశ్రమం చూసుకుంటూ కొండ మీద లూర్దుమాత స్వరూపం పెట్టించారు. మిలాన్ నుంచి వచ్చిన పీమే అనే మిషనరీ సభ గురువు ఆయన. అప్పటికి బెజవాడకు వేరే మేత్రాసనం (బిషప్ గారి పరిధి) కూడా లేదు, హైదరాబాద్ కిందే ఉండేది, 1937లో మేత్రాసనం అయింది. కొండ దగ్గర ఇప్పుడున్న గుడి 1971లో ప్రతిష్ఠ అయింది. ఫిబ్రవరి 9, 10, 11 తిరునాళ్లకు లక్షల్లో జనం వస్తారు, తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు, అందులో హిందువులు ఎంతమందో చెప్పలేం.

నేను చెప్పదలచింది వేరే. తిరునాళ్ల గురించి అందరూ రాశారు. మిగతా 362 రోజులు ఇక్కడ పూజకు వచ్చే మా సంగతి మాత్రం పెద్దగా ఎవరూ రాయలేదు. మేము చిన్న పుస్తకం వేసినప్పుడు మాకు ఎక్కువ సంగతులు చెప్పింది గుడి ఊడ్చే పెద్దమ్మ, కొవ్వొత్తులు అమ్మే ఆయన, బ్యాండు వాయించే కుటుంబం. ఏ ఏడాది తుఫాను వచ్చింది, ఏ ఫాదర్ గారు పొద్దున్నే సైకిల్ మీద ఇళ్లు తిరిగేవారు, కాలువకు అవతల ఇళ్లు ఎప్పుడు లేచాయి, అన్నీ వాళ్ల నోట్లోనే ఉన్నాయి. మీ ఉపదేశి గారు (జపాలు, జ్ఞానోపదేశం నేర్పిన ఆయన) బతికి ఉంటే ఈ వారమే వెళ్లండి. మేము ఆలస్యం చేసి ఒకరిని పోగొట్టుకున్నాం, ఆ బాధ ఇంకా ఉంది.

మల్కాజిగిరి_బెన్నీ:
తెలుగువాళ్ల కథ ఒక్కటే రాస్తే అన్యాయం అవుతుంది బ్రదర్. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ 1850లో పూర్తయింది, కట్టించింది ఐర్లండ్ నుంచి వచ్చిన ఫాదర్ డేనియల్ మర్ఫీ. కంటోన్మెంట్‌లోని సైనికుల కోసం, వాళ్ల వెంట వచ్చిన తమిళ కుటుంబాల కోసం నిలబడ్డ గుడి అది, 2008లో దానికి బసిలికా అనే ప్రత్యేక హోదా వచ్చింది. మా తాతగారిది అలాంటి తమిళ కుటుంబమే. శివారు గుళ్లు మొదలైనప్పుడు పాటల పుస్తకాలు, హార్మోనియం, పీఠం మీద పరిచే బట్టలు కూడా చాలాచోట్ల ఇలాంటి పాత గుళ్ల నుంచే వెళ్లాయి. ఫ్యాక్టరీ కాలనీల్లో మలయాళీలు కూడా మొదటి బెంచీల్లో ఉన్నవాళ్లే. 2017లో సీరో మలబార్ వాళ్లకు (కేరళ రీతి క్యాథలిక్కులకు) శంషాబాద్ మేత్రాసనం వచ్చాక మా విచారణ నుంచి చాలా కుటుంబాలు వాళ్ల రీతి పూజకు మారాయి. అది వాళ్ల హక్కు, దాంట్లో తప్పేమీ లేదు, కానీ ముప్పై ఏళ్లు కోయిర్‌లో పక్కపక్కన నిలబడ్డ మనిషి చోటు ఖాళీగా కనపడితే గుండె పట్టేస్తుంది. అది కూడా రాయండి.

కృష్ణాతీరం:
ఇంకో మాట, ఎవరూ ఎత్తడం లేదు కాబట్టి నేనే అంటాను. మా సొంతూళ్లో గుళ్లో దళితులమైన మా వాళ్లు ఒక వైపు, రెడ్లు ఒక వైపు కూర్చునేవారు, సమాధుల తోటలో కూడా గీత ఉండేది. నాన్న బీహెచ్‌ఈఎల్ వైపు పనికి వచ్చాక అక్కడి షెడ్డులో మొదటి ఆదివారం ఎక్కడ కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గరే నిలబడ్డారట. ఒకాయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తన పక్కన చాప మీద కూర్చోబెట్టుకున్నారు. ఆయన ఎవరో ఏ కులమో నాన్న చనిపోయే దాకా అడగలేదు. శివారు విచారణ మాకు ఏమిచ్చింది అంటే నేను ఆ చాప గురించే చెబుతాను. 2022లో మన అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయినప్పుడు, మొదటి దళిత కార్డినల్ అని టీవీలో చెబుతుంటే అమ్మ ఏడ్చేసింది.

దీనికీ రిజిస్టర్లకూ సంబంధం ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవం తీసుకున్న దళితులకు ఎస్సీ హోదా లేదు, ఇక్కడ బీసీ-సీ కిందకు వస్తారు. అందుకే చాలా ఇళ్లలో బడి పేరు ఒకటి, జ్ఞానస్నానం పేరు ఒకటి. కాగితాల్లో వెతికితే మనిషి దొరకడు, ఇంటికి వెళ్లి అడిగితేనే దొరుకుతాడు. అడిగేటప్పుడు జాగ్రత్త, వాళ్లకు ఇబ్బంది అయ్యేది ఏదీ అచ్చు వేయకండి.

టెక్సాస్_మేరీ:
డల్లాస్ శివారు నుంచి. ఇక్కడ మాకు సొంత గుడి లేదు, ఒక విచారణ వాళ్లు దయతో ఇచ్చిన సమయంలో నెలకోసారి తెలుగు పూజ, అయ్యాక అందరం వండుకొచ్చింది పంచుకుని తింటాం. మీ వరండా రోజులు మాకు ఇప్పుడు నడుస్తున్నాయి అనుకోండి. మీ సంగతులు చదివాక నేను ఈ నెల నుంచి ఎవరు వచ్చారు, ఏ పాటలు పాడాం అని నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను. మీ మొదటి కుటుంబాల పిల్లలు చాలామంది ఇటే ఉంటారు, వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపమనండి, పంపుతారు.

పాత_కాగితాలు:
మరిచాను, లెక్కల పుస్తకాలు కూడా అడగండి. మా షెడ్డు ఖర్చుల పుస్తకంలో "పిడికెడు బియ్యం అమ్మగా వచ్చినది" అని నెలనెలా ఉంది. ఆడవాళ్లు రోజూ వంటకు ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టి, నెలాఖరుకు తెచ్చి ఇచ్చిన బియ్యం అది. ఫలకం మీద పేర్లున్న దాతల కన్నా ముందు మా గోడ లేచింది వాటితోనే.

కాప్రా_వాసి:
అందరికీ చాలా థ్యాంక్స్, రెండు వారాలు తిరిగి వచ్చి రాస్తున్నా. తల్లి విచారణ ఫాదర్ గారు రిజిస్టర్ చూడనిచ్చారు. ఒక పేజీలో ఒకే తేదీన మా కాలనీ పిల్లలు ఐదుగురికి జ్ఞానస్నానం, ఐదుగురికీ జ్ఞానతల్లి ఒకే ఆవిడ. ఆవిడ కూతుర్ని వెతికి పట్టుకున్నాను. వరండా సంగతి అడిగితే నవ్వింది, ముగ్గురూ నిజమే చెప్పారట. ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నప్పుడల్లా పూజ ఇంకో ఇంటికి మారేదట, పూజ పెట్టె నెత్తిన పెట్టుకుని మోసింది వాళ్ల అమ్మేనట. ఆ పెట్టె ఇంకా వాళ్ల అటక మీద ఉంది. వచ్చే ఆదివారం రెండో పూజ అయ్యాక దించుతామన్నారు. బెన్నీ బ్రదర్, మీరూ రాగలిగితే రండి, లోపల తమిళ పాటల పుస్తకం ఉందంటున్నారు, చదివేవాళ్లు మాలో లేరు.