1958 నాటి ‘చిప్‌మంక్’ (బుల్లి ఉడుత) గొంతు: పిచ్ పెంచితే ఎందుకు రావట్లేదు?

రికార్డుల_పెట్టె: 1958లో వచ్చిన ‘విచ్ డాక్టర్’ పాటలో మంత్రగాడి గొంతు లాంటిది ఒక సరదా పాటకి కావాలి. మామూలుగా పాడి పిచ్ షిఫ్ట్ (శ్రుతి మార్చే ఎఫెక్ట్)తో 12 సెమీటోన్లు, అంటే ఒక పూర్తి స్థాయి, పెంచితే గరగరమంటోంది, ఆ అల్లరి రావట్లేదు. పాట 140 బీపీఎం (నిమిషానికి 140 బీట్లు). ఆ రోజుల్లో వచ్చి, ఇప్పుడు పెద్దగా వినపడని ఇలాంటి కొంటె పాటలేవైనా ఉంటే అవీ చెప్పండి.

సగం_స్పీడు: పిచ్ షిఫ్ట్ వదిలేయండి. నిడివి మారకుండా ఉండాలని అది శబ్దాన్ని ముక్కలు చేసి అతుకుతుంది. మీకు వినపడే గరగర ఆ అతుకులదే. డేవిడ్ సెవిల్ పేరుతో ఆ పాట చేసిన రాస్ బాగ్డసారియన్, టేపు సగం స్పీడులో తిరుగుతుండగా నెమ్మదిగా పాడి, మామూలు స్పీడులో వినిపించాడు. పిచ్, టెంపో, ఫార్మెంట్లు (గొంతు గుణాన్ని నిర్ణయించే పౌనఃపున్యాలు) మూడూ కలిసి రెట్టింపవుతాయి కాబట్టే ఏదో బుల్లి ప్రాణి పాడినట్టుంటుంది.

ఆడాసిటీ (ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్)లో బ్యాకింగ్ ట్రాక్‌కి (గొంతు లేని వాద్య సంగీతానికి) కాపీ తీసి స్పీడు 0.5 చేయండి. 70 బీపీఎంకి వస్తుంది, సరిగ్గా ఒక ఆక్టేవ్ (స్థాయి) దిగుతుంది కనక శ్రుతి చెడదు. హెడ్‌ఫోన్స్‌లో అది వింటూ పాడి, వాయిస్ ట్రాక్‌కి మాత్రం స్పీడు 2.0 ఇచ్చి అసలు బ్యాకింగ్ మీద పెట్టండి. స్పీడు మార్చే ఎఫెక్టే వాడాలి. టెంపో మార్చేది పిచ్‌ని కదపదు.

అసలు కష్టం పాడటంలోనే ఉంది. 4 సెకన్ల లైనుని 8 సెకన్లు లాగాలి, దమ్ము చాలకపోతే లైను సగానికి విరిచి రికార్డు చేయండి. గమకం, వైబ్రాటో (స్వరాన్ని వణికించడం) వద్దే వద్దు: సెకనుకి 6 ఊపులు 12 అయి మేక అరుపులా తేలుతుంది. ‘ట’, ‘ప’, ‘క’ లాంటివి సగానికి కుదించుకుపోయి మాయమవుతాయి, ఒత్తి పలకండి. ‘స’ మాత్రం మెత్తగా, లేకపోతే చెవిలో గుచ్చుకుంటుంది. రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) చివర్లోనే వేయాలి. గది ప్రతిధ్వని రికార్డయితే అదీ సగానికి కుదించుకుపోయి, డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది.

బి_సైడ్: పై పద్ధతి సరైనదే గానీ, ప్రతి మాటా అర్థం కావాలంటే ఆక్టేవ్ ఎక్కువండి. బ్యాకింగ్ 0.667, వాయిస్ 1.5 పెట్టి చూడండి. అంటే దాదాపు 7 సెమీటోన్లు, సుమారు 93 బీపీఎంలో పాడతారు. దమ్ము సమస్యా తగ్గుతుంది.

పాటల విషయానికొస్తే, నర్వస్ నార్వస్ ‘ట్రాన్స్‌ఫ్యూజన్’ (1956) వినండి. చరణాల మధ్య కారు గుద్దుకున్న చప్పుళ్లుంటాయి, చాలా రేడియో స్టేషన్లు వేయడానికి ఒప్పుకోలేదు. బ్యుకానన్, గుడ్‌మన్‌ల ‘ది ఫ్లయింగ్ సాసర్’ (1956) ఇంకో రకం: రిపోర్టర్ ప్రశ్న అడిగితే జవాబుగా అప్పటి హిట్ పాటలోంచి ఒక ముక్క పడుతుంది. కోర్టు కేసులూ వచ్చాయి. ఎడిటింగ్ నేర్చుకోవాలంటే దీన్ని మించింది లేదు: ముక్క సరిగ్గా మాట మొదలయ్యే చోటే పడుతుంది, అందుకే జోకు పేలుతుంది. జాన్ జాకర్లీ ‘డిన్నర్ విత్ డ్రాక్’ (1958) కూడా బాగుంటుంది, భయానికీ వెటకారానికీ మధ్య నడుస్తుంది.

రికార్డుల_పెట్టె: 0.667తో మొదలుపెడతాను. స్పీడు పెంచాక వాయిస్ కాస్త ముందో వెనకో పడితే?

సగం_స్పీడు: అది రికార్డింగ్ లేటెన్సీ, అంటే మీరు పాడినది కంప్యూటర్‌లో పడటానికి పట్టే ఆలస్యం. పాటకి ముందు నాలుగు క్లిక్‌లు వేసి, హెడ్‌ఫోన్స్‌లో వాటిని వింటూ చప్పట్లు కొట్టండి. స్పీడు మార్చాక చప్పట్లని అసలు క్లిక్‌ల మీదకి జరిపితే పాటంతా కూర్చుంటుంది. తర్వాత ఆ ముక్క కోసేయండి.