అప్‌డేట్: ఫ్రీజరు, అల్మరా నిండా ఉన్న పాత సరుకులు చివరికి ఎలా వాడానంటే

ఫ్రీజరు, వంటింటి అల్మరా కిక్కిరిసిపోయాయి, ఏది ఎప్పటిదో తెలియదు, పారేయకుండా వాడుకోవడం ఎలా అని ఆరు వారాల క్రితం అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పని దాదాపు పూర్తయింది.

బాగా పనిచేసిన సలహా: ఉన్నవన్నీ కాగితం మీద రాసి తలుపుకు అంటించి, రోజూ ఫ్రీజరులోంచి ఒకటి, అల్మరాలోంచి ఒకటి తీసి, వాడినదాన్ని కొట్టివేయడం. వారానికి సరిపడా వంటల పట్టిక వేసుకోమన్న సలహాను మాత్రం మూడో రోజుకే వదిలేశాను.

మాంసం మీద తెల్లటి మచ్చలు చూసి పాడైందనుకున్నాను కదా, అది అనవసరపు భయం. తేమ ఆరిపోవడం వల్ల వచ్చే మచ్చలవి. ఫ్రీజరు నిలకడగా −18 డిగ్రీల దగ్గరే ఉంది కాబట్టి ఎండిన అంచులు కోసేసి కూర వండాను. రుచి కాస్త తగ్గింది, అంతే.

మొండికేసినవి ఎండు చిక్కుడు గింజలు. రాత్రంతా నానినా, రెండు గంటలు ఉడికినా రాళ్లే! రెండోసారి నానబెట్టే నీళ్లలో చిటికెడు వంటసోడా వేస్తే మెత్తబడ్డాయి.

పేరు రాయని డబ్బాను సూప్ అనుకుని రాత్రి ఫ్రిజ్‌లో కరగబెట్టాను. తెల్లారేసరికి అరటిపండ్ల గుజ్జు.

పురుగు పట్టిన పిండి, పాత నూనె వాసన వేస్తున్న బాదం పప్పులు పారేయక తప్పలేదు. కాగితం మీద ఇంకా నాలుగు పంక్తులే మిగిలాయి, అందులో మూడు బఠాణీలే.