అమ్మకు అమెరికా బీ2 (సందర్శక) వీసా రాలేదు, మళ్లీ ఎప్పుడు అప్లై చేయాలి?

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ అయ్యాక 214(బి) కాగితం (తిరిగొస్తారన్న నమ్మకం కలగలేదంటూ వీసా నిరాకరించే సెక్షన్) ఇచ్చారు. అప్పీలు ఉంటుందా? కొన్నాళ్లు ఆగాలా?

జవాబు 1: అప్పీలు లేదండీ, ఆగాల్సిన గడువూ లేదు. కొత్త డీఎస్-160 (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు ఫారం) నింపి, 185 డాలర్ల ఫీజు మళ్లీ కట్టి స్లాట్ తీసుకోవాలి. పాత ఫీజు తిరిగి రాదు. గతంలో వీసా నిరాకరించారా అన్నచోట తప్పక ‘అవును’ పెట్టండి. దాచితే శాశ్వత నిషేధం దాకా పోవచ్చు.

జవాబు 2: పరిస్థితిలో గానీ, చెప్పే తీరులో గానీ మార్పు లేకుండా వెంటనే వెళ్తే ఫీజు దండగే. అధికారి చూసేది మీ జీతం కాదు, ఆవిడ తిరిగొస్తారా లేదా అన్నది. పింఛను, పొలం, ఇక్కడుండే నాన్నగారు, ఇవే బలం. ఎందుకు వెళ్తున్నారు, ఎన్ని వారాలు ఉంటారు అన్నది ఆవిడే రెండు ముక్కల్లో, తెలుగులోనే చెప్పొచ్చు. బట్టీ పట్టించకండి.

జవాబు 3: ఐ-134 (ఖర్చులు భరిస్తామని అమెరికాలో ఉన్నవాళ్లు ఇచ్చే హామీపత్రం) తప్పనిసరి కాదు. పాత డీఎస్-160, కొత్త డీఎస్-160 పక్కపక్కన పెట్టి తేదీలు, బంధువుల వివరాలు సరిచూడండి.