అప్‌డేట్: అమ్మతో అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి వెళ్లొచ్చాం

మోకాళ్ల నొప్పులున్న అమ్మను హేవ్‌లాక్‌లో, రాధానగర్ బీచ్ దగ్గర అడవిలో ఉండే ఎకో రిసార్ట్‌కి తీసుకెళ్లొచ్చా అని అడిగాను కదా. డిసెంబర్‌లో నాలుగు రోజులుండి వచ్చాం.

మెట్లు తక్కువున్న కాటేజీ ముందే అడిగి తీసుకోమన్నారు చూడండి, ఆ సలహాయే మమ్మల్ని కాపాడింది. మీకు చాలా థ్యాంక్స్.

పోర్ట్ బ్లెయిర్ నుంచి ఫెర్రీలో మాత్రం అమ్మకి వాంతులయ్యాయి. వాంతులు రాకుండా వేసుకునే మాత్ర ఎక్కడానికి అరగంట ముందే వేసుకోవాలి, మేం ఎక్కాక వేశాం.

అక్కడ సాయంత్రం ఐదింటికల్లా సూర్యుడు దిగిపోతాడు, కాబట్టి మధ్యాహ్నం నిద్రపోకండి. ఫోన్ సిగ్నల్ అంతంతమాత్రమే. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, మోకాలిలోతు నీళ్లలో చాలాసేపు అలాగే నిలబడిపోయింది. "నొప్పి తెలీట్లేదురా" అంది.

గవ్వలు, పగడపు ముక్కలు తెచ్చుకోకండి, నేరం.