డాన్ బోస్కో పండుగకి పిల్లలకి ఏం చెప్పాలి?

పాలకొల్లు టీచర్:
అందరికీ నమస్కారమండి. జనవరి 31న పునీత డాన్ బోస్కో పండుగ, పేద పిల్లల్ని చేరదీసిన ఇటలీ ఫాదర్ ఆయన. మా బోర్డింగులో ఆరు నుంచి పది దాకా మగపిల్లలు. వాళ్ల అమ్మానాన్నలు రొయ్యల చెరువుల మీద, దాళ్వా నాట్లలో కూలి చేసుకునేవాళ్లు. ఏటా ఆయనకి తొమ్మిదో ఏట వచ్చిన కల, నాలుగు అద్భుతాలు చెప్పి ముగించేస్తున్నారు. ఆ ఫాదర్ గారు ఎలాంటి మనిషి, పిల్లల్ని ఎలా దారిలో పెట్టారు? పది నిమిషాల ప్రసంగానికీ, వార్డెన్ల మీటింగుకీ పనికొచ్చేలా చెప్పండి.

గట్టు మీద ఊరు:
మాస్టారూ, కల చెప్పండి. దాంతోపాటే పేదరికమూ చెప్పండి, మీ పిల్లలకి అదే తగులుతుంది. 1815 ఆగస్టు 16న ఇటలీలో పీడ్‌మాంట్ ప్రాంతపు బెక్కి అనే చిన్న పల్లెలో పుట్టారు. రెండేళ్లు నిండకముందే తండ్రి పోయాడు. పన్నెండో ఏట మోల్యా అనే వాళ్ల పొలంలో జీతానికి కుదిరారు. తర్వాత చదువుకుంటూనే కుట్టుపని నేర్చారు, కాఫీ కొట్లో పనిచేశారు. 1841 జూన్ 5న గురుపట్టాభిషేకం, అంటే ఫాదర్ అయ్యారు.

ట్యూరిన్ నగరానికి పల్లెల నుంచి తాపీ పనికి వచ్చే కుర్రాళ్లకి తిండీ నీడా చూసేవాళ్లు లేరు. ఆయన ముందు ఆదివారాల్లో వాళ్లని పోగేసి ఆటలు, జ్ఞానోపదేశం, ఆపైన రాత్రిబడి పెట్టారు. తిరిగిన చోటల్లా ఖాళీ చేయమన్నారు. చివరికి 1846 ఏప్రిల్ 12, ఈస్టర్ నాడు ఆ నగరంలోనే వాల్‌దొక్కో అనే పేటలో ఒక పొట్టి షెడ్డు దొరికింది. ఆ నవంబరులో తల్లి మార్గరీటా గారు ఊరొదిలి వచ్చి ఆ పిల్లలకి వండిపెట్టారు, చిరిగిన బట్టలు కుట్టారు. పదేళ్ల తర్వాత అక్కడే కన్నుమూశారు.

నాకన్నిటికంటే గొప్పగా అనిపించేది 1852 ఫిబ్రవరి 8 నాటి కాయితం. ఒక కుర్రాణ్ణి వడ్రంగం నేర్చుకోవడానికి పెడుతూ మేస్త్రీతో స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించారు. రెండేళ్ల గడువు. ఆ వృత్తి పనే చెప్పాలి, ఇంటి చాకిరీ కుదరదు. తప్పు చేస్తే మాటతో దిద్దాలి, చెయ్యి చేసుకోకూడదు. పండుగలకి సెలవు, ఏడాదికి పదిహేను రోజుల విశ్రాంతి. కూలి ఎంతో ముందే రాసుకున్నారు. మన దగ్గర చెరువుల్లో గాలి కొట్టే ఏరేటర్ మోటార్ల రిపేరుకో, మెకానిక్ షెడ్డుకో పిల్లల్ని నోటిమాట మీద పంపేస్తాం, ఏణ్ణర్థం టీలు మోయడంతోనే సరిపోతుంది. పదో తరగతి అయ్యాక పనికెళ్లే కుర్రాడుంటే ఆ షరతులన్నీ తెలుగులో ఒక పేజీ రాసి ఓనరు, తండ్రి, మీరు ముగ్గురూ సంతకం పెట్టండి.

నరసాపురం సిస్టర్:
వార్డెన్ల మీటింగుకి 1877లో ఆయన రాసిన నివారణ పద్ధతి వ్యాసం పట్టుకెళ్లండి. చిన్నదే. తప్పు జరిగాక శిక్షించడం కాదు, తప్పు జరగని పరిస్థితి కల్పించడం. దానికి ఆధారాలు వివేచన, మతం, ప్రేమపూర్వకమైన దయ. ఏ రకంగానైనా కొట్టడం, నొప్పి పుట్టేలా మోకాళ్ల మీద నిలబెట్టడం, చెవులు మెలిపెట్టడం పూర్తిగా మానాలని అందులో తేల్చి చెప్పారు. ఇవి పిల్లవాడిలో కసి పెంచుతాయి, పెంచేవాణ్ణి దిగజారుస్తాయి. నలుగురి ముందు మందలించొద్దని కూడా ఉంది. మన 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ చెప్పేదీ ఇదే, అయినా గుంజీళ్లు ఇంకా నడుస్తున్నాయి.

ఇది ఎక్కడ చెడుతుందో కూడా ఆయనే రాశారు. 1884 మే 10న రోమ్ నుంచి వాల్‌దొక్కోలోని తనవాళ్లకి రాసిన ఉత్తరంలో బాధంతా ఒకటే: పెద్దవాళ్లు ఆటస్థలంలో పిల్లలతో కలవడం మానేసి, ఒక పక్కన తమలో తాము మాట్లాడుకుంటున్నారు. పిల్లల్ని ప్రేమిస్తే చాలదు, ఆ సంగతి పిల్లలకి తెలియాలి. కాబట్టి సాయంత్రం ఆట వేళ వార్డెన్ ఫోనూ, రిజిస్టరూ గదిలో పెట్టి గ్రౌండులోకి దిగాలి. ఊరికే నిలబడి చూస్తే కాపలా అవుతుంది, కబడ్డీ కోర్టు గీతలు గీయడం దగ్గర నుంచీ కలవాలి.

పాలకొల్లు టీచర్:
సిస్టర్ గారూ, రాత్రి ప్రార్థన తర్వాత పడుకోబోయే పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడే డాన్ బోస్కో ఆచారం మా దగ్గరా ఉంది. కానీ అరగంట పడుతోంది, పిల్లలు కునికిపాట్లు పడుతున్నారండి.

నరసాపురం సిస్టర్:
రెండు మూడు నిమిషాలు దాటొద్దని ఆ వ్యాసంలోనే ఉంది మాస్టారూ. ఆ రోజు బడిలోనో ఊళ్లోనో జరిగిన ఒక్క సంగతి తీసుకుని మంచి మాట చెప్పి పంపేయాలి. ఫీజు బకాయిలు, తిట్లు, రేపటి పనులు అక్కడ ఎత్తారంటే ఆ ఆచారం చచ్చినట్టే. వాటికి పొద్దున అసెంబ్లీ ఉంది కదా.

లెక్కల మాస్టారు, కాట్రేనికోన:
పండుగ కార్యక్రమానికి ఒకటి చెప్తాను. పీడ్‌మాంట్‌లో 1850లో మెట్రిక్ కొలతలు తప్పనిసరి అయ్యాయి. ముందే, 1849లో, డాన్ బోస్కో కూలివాళ్లకి అర్థమయ్యేలా దాని మీద చిన్న పుస్తకం వేశారు, పిల్లలతో సంభాషణలుగా ఆడించారు. పేదవాడు కొత్త తూకాల్లో మోసపోకూడదని ఆయన తాపత్రయం. మీవాళ్లతో ధాన్యం కాటా దగ్గర సీను వేయించండి: రైతు, కమీషన్ ఏజెంటు, లెక్క రాసే కుర్రాడు. 75 కిలోల బస్తాలు 40 అంటే 3,000 కిలోలు, 30 క్వింటాళ్లు. బస్తాకి కిలో తరుగు కోస్తే 40 కిలోలు, అంటే అరబస్తా దాటి పోయినట్టు. తరుగు లెక్క మాత్రం ప్రేక్షకుల్లోంచి ఒక పిల్లవాణ్ణి పిలిచి బోర్డు మీద వేయించండి.