ఆవిరి కంటికి కనిపిస్తుందా? పొగ, ఇగురు, బాష్పం, చెమ్మ మాటల మీద చర్చ

ప్రశ్న (ఏడో తరగతి సైన్స్ టీచరు, పల్నాడు జిల్లా)

అందరికీ నమస్కారం. వచ్చే వారం నీటి చక్రం పాఠం మొదలుపెట్టాలి. ఈ పాఠంలో ప్రతి ఏడూ ఒకే చోట చిక్కు వస్తుంది. "నీటి ఆవిరి కంటికి కనిపించదు" అని చెప్తాను. వెంటనే ఎవరో ఒకరు లేచి "ఇడ్లీ పాత్ర మూత తీస్తే తెల్లగా వచ్చేది ఆవిరే కదా టీచర్?" అంటారు. వాళ్ళ తప్పేం లేదు. ఇంట్లో అమ్మ దాన్ని ఆవిరనే అంటుంది. జలుబు చేసి ఆవిరి పట్టినప్పుడు దుప్పటి కింద కనిపించేదీ అదే.

పుస్తకంలో చూస్తే బాష్పీభవనం (నీరు ఆవిరవడం), సాంద్రీకరణం (ఆవిరి తిరిగి నీరవడం), బాష్పోత్సేకం (చెట్లు నీటిని ఆవిరిగా వదలడం) వరసగా ఉంటాయి. పిల్లలు గడగడా అప్పజెప్పేస్తారు. ఆరేసిన బట్టల్లో నీళ్ళు ఎక్కడికి పోయాయని అడిగితే మాత్రం "ఎండకి పోయాయి" అంటారు తప్ప గాలిలో కలిశాయని ఒక్కరూ అనరు. వాడుక మాటల్లోంచి ఈ పాఠంలోకి దారి ఉందా? కనిపించేదానికీ కనిపించనిదానికీ తెలుగులో వేర్వేరు మాటలున్నాయా?

జవాబు (రాజమహేంద్రవరం)

ఉన్నాయండీ, రోజూ అంటూనే ఉన్నాం. పొగలు కక్కే కాఫీ, పొగలొస్తున్న అన్నం. అక్కడ ఏదీ కాలడం లేదు, అయినా పొగ అన్నాం. మాఘమాసం పొద్దున్నే గోదావరి మీద పరుచుకునేది పొగమంచు. అందులోనూ పొగ లేదు. గాలిలో తెల్లగా తేలుతూ కనిపించేదాన్ని తెలుగువాళ్ళు పొగ అన్నారు.

శాస్త్రం చెప్పేది కూడా దీనికి సరిపోతుంది. కాఫీ మీద లేచేదీ, గోదావరి మీద పరుచుకునేదీ ఒకటే: చాలా సన్నటి నీటి తుంపరలు. అవి నీళ్ళే, వాయువు కాదు. ఆకాశంలో మబ్బు కూడా అదే. చలికాలంలో లంబసింగి వెళ్ళినవాళ్ళు పొగమంచులో తిరిగొచ్చామంటారు. నేల మీదికి దిగిన మబ్బులో తిరిగారన్నా తప్పు లేదు.

అసలు ఆవిరి ఎక్కడుందో చూపించాలంటే ముక్కు ఉన్న కెటిల్‌లో నీళ్ళు మరిగించండి. ముక్కు అంచుని ఆనుకుని కొంచెం మేర ఏమీ కనిపించదు, ఖాళీగా ఉన్నట్టు ఉంటుంది. ఆ తర్వాతే తెల్లటి పొగ మొదలవుతుంది. ఆ ఖాళీలో ఉన్నదే ఆవిరి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, ఘోరంగా కాలుతుంది. తెల్లటి పొగ ఇంకాస్త పైకి పోయాక మళ్ళీ మాయమవుతుంది చూడండి. తుంపరలు తిరిగి ఆవిరై గాలిలో కలిసిపోయాయన్నమాట. ఆవిరి, నీళ్ళు, మళ్ళీ ఆవిరి. మూడూ జానెడు దూరంలో జరుగుతాయి.

జవాబు (నల్లగొండ)

సార్ చెప్పింది బాగుంది కానీ "పొగ" అంటే నాకు భయమే. కట్టెల పొయ్యి పొగ, బస్సు పొగ అన్నీ పిల్లల మనసులో ఒకటైతయి. నీళ్ళు కాలి పొగ అయితయని పరీక్షలో రాస్తే ఎవరిని తప్పుపడతం? నేనైతే "నీటి తుంపర" అనే చెప్తున్న.

నన్నడిగితే పాఠం పొగ కాడ కాదు, ఇంకు, ఇగురు కాడ మొదలుపెట్టాలె. వాన పడి ఆగినంక బడి ముందట గుంటల నీళ్ళుంటయి. రెండు రోజులకు ఉండయి. ఆ నీళ్ళు ఇంకినయా, ఇగిరినయా? ఇంకుడు అంటే కిందికి, మన్నులకు. ఇంకుడుగుంత అని ఊరూరా అంటున్నరు కాబట్టి ఆ మాట పిల్లలకు తెలుసు. ఇగురుడు అంటే పైకి, గాలిలకు. కూరల నీళ్ళు ఇగిరినయ్ అంటే గిన్నె అడుగుకు చిల్లి పడ్డదని ఎవరూ అనుకోరు కద. అదే గుంట పక్కన ఒక స్టీలు పళ్ళెంల నీళ్ళు పోసి పెట్టండి. పళ్ళెంల ఇంకే దారి లేదు. అయినా నీళ్ళు తగ్గితే అవి ఎటు పోయినయో పిల్లలే చెప్తరు. బాష్పీభవనం అనే మాట ఆ తర్వాత బోర్డు మీద రాయండి, అప్పుడు బరువనిపించదు.

జవాబు (రాజమహేంద్రవరం)

ఇంకడం, ఇగరడం జంట నాకు తట్టనే లేదు. పాఠం అక్కడ మొదలుపెట్టడమే మంచిది, ఒప్పుకుంటున్నాను. కెటిల్ రెండో రోజుకి ఉంచండి.

జవాబు (తిరుపతి, సంస్కృత అధ్యాపకుడు)

బాష్పం గురించి ఒక మాట. తెలుగు సాహిత్యంలో బాష్పాలంటే కన్నీళ్ళు. ఆనందబాష్పాలు రాలుతాయి, బాష్పాంజలి ఘటిస్తాం. సంస్కృతంలో ఆ ఒక్క పదానికే కన్నీరు, ఆవిరి అని రెండర్థాలూ ఉన్నాయి. సైన్స్ పుస్తకం రెండో అర్థాన్ని తీసుకుంది. ఆ సంగతి చెప్పకుండా వదిలేస్తే, తెలుగు పీరియడ్‌లో చెంప మీద జారిన బాష్పం తర్వాతి పీరియడ్‌లో కనిపించని వాయువు ఎలా అయిందో పిల్లవాడికి అర్థం కాదు. ఒక్క నిమిషం ఆగి చెప్తే చాలు.

బాష్పోత్సేకంలో ఉత్సేకమంటే పైకి పొంగి పొర్లడం. ఆకుల సన్నటి రంధ్రాల్లోంచి చెట్టు నీటిని ఆవిరిగా వదలడానికి ఆ పేరు పెట్టారు. వేపకొమ్మ చివర ఆకులకి ప్లాస్టిక్ సంచీ కట్టి ఎండలో వదిలేస్తే సాయంత్రానికి లోపల చెమ్మ పట్టి ఉంటుంది.

జవాబు (నెల్లూరు)

అయ్యగారు చెమ్మ అన్నారు కాబట్టి చెమర్చడం గురించి అడుగుతున్నా. "కుండ చెమర్చింది", "చల్లటి గ్లాసు చెమర్చింది", "కళ్ళు చెమర్చాయి". మూడింటికీ ఒకే క్రియ. ఇది పిల్లల్ని తప్పుదోవ పట్టించదా?

జవాబు (పల్నాడు, ప్రశ్న వేసిన టీచరు)

పట్టిస్తుందండీ, మా క్లాసులోనే చూశాను. కుండ బయటి తడి లోపలి నీళ్ళే. మట్టిలోని సన్నటి రంధ్రాల గుండా ఊరి బయటికొస్తాయి. అవి ఆరిపోతూ వేడి పట్టుకుపోతాయి కాబట్టి కుండలో నీళ్ళు చల్లబడతాయి. ఐసు వేసిన స్టీలు గ్లాసు బయటి తడికి లోపలి నీళ్ళతో సంబంధమే లేదు. అది గాలిలో ఉన్న ఆవిరి, చల్లటి స్టీలు తగిలి నీరయింది. పిల్లలు గ్లాసుకి చిల్లి ఉందంటారు. గ్లాసులో ఎర్రటి రస్నా పోసి చూపిస్తే బయట చుక్కలు తెల్లగానే ఉంటాయి. వేలితో తుడిచి నాలిక మీద పెట్టుకుని "తియ్యగా లేదు టీచర్" అని వాళ్ళే తేల్చేస్తారు. మాట ఒకటే ఉన్నా ఫరవాలేదు, నీళ్ళు ఎటునుంచి వచ్చాయన్నది అడిగిస్తే చాలు. ఈసారి కుండనీ గ్లాసునీ పక్కపక్కన పెట్టి అడుగుతాను.

జవాబు (కాకినాడ)

ఉక్కపోతని మరిచిపోకండి. ఆవిరి కనిపించదు గానీ మా ఊళ్ళో మే నెలలో ఒంటికి తెలుస్తుంది. గాలిలో అప్పటికే ఆవిరి నిండి ఉంటే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. రామగుండంలో ఎండ మాకంటే ఎక్కువ, అయినా అక్కడ కూలర్ పనిచేస్తుంది. మా దగ్గర అదే కూలర్ గదిని ఇంకా జిడ్డు చేస్తుంది.

లెక్క ఒకటి చెప్తాను, పిల్లలకి నచ్చుతుంది. 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ నిండిన గాలి ఒక ఘనమీటరులో సుమారు 30 గ్రాముల ఆవిరి ఉంటుంది. పది అడుగుల వెడల్పు, పదమూడు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు గదిలో అది లీటరు పైమాటే. కనిపించకుండా మన చుట్టూ తిరుగుతున్న నీళ్ళవి. 20 డిగ్రీలకి చల్లబడితే ఘనమీటరుకి 17 గ్రాములకి మించి నిలవదు, మిగిలింది నీరవుతుంది.

జవాబు (నల్లగొండ)

మా దిక్కు ఉక్కపోతను ఉబ్బ అంటరు. "ఉబ్బ పోస్తున్నది, వాన పడతది" అని ముసలోళ్ళు ఊరికే అనలే. ఆవిరి కూడితేనే కద మబ్బు పట్టేది.

జవాబు (కర్నూలు, నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవారు)

మా శాఖలో ఈ మాటకి టీఎంసీల లెక్క ఉంది. పేపర్లలో "ఆవిరి నష్టాలు" అని చదువుతుంటారు కదా. కృష్ణా జలాల మీద బచావత్ ట్రిబ్యునల్ శ్రీశైలం ఆవిరి నష్టానికే 33 టీఎంసీలు లెక్కగట్టింది. ఒక టీఎంసీ అంటే సుమారు 2.83 కోట్ల ఘనమీటర్లు. శ్రీశైలం జలాశయం ఎన్నడూ మరగలేదు. మరిగితేనే ఆవిరి వస్తుందనుకునే పిల్లలకి ఈ ఒక్క అంకె చాలు. చినగంజాం, నౌపడ ఉప్పు మడుల్లో కూడా అంతే. పొయ్యి లేదు, మంట లేదు. సముద్రపు నీళ్ళు ఎండకీ గాలికీ ఇగిరిపోయి ఉప్పు మిగులుతుంది. ఉప్పు ఆవిరి కాదు కాబట్టే సముద్రం నుంచి లేచిన మబ్బు తియ్యటి వాన కురుస్తుంది.

నష్టం అనే మాట మాత్రం మా లెక్కల వరకే, క్లాసులో వాడొద్దండి. జలాశయానికి పోయిన నీళ్ళు ప్రకృతిలో పోవు. ఆవిరి గాలిలో సగటున తొమ్మిది పది రోజులుండి, వానో మంచో అయి ఎక్కడో అక్కడ దిగుతుంది.

జవాబు (విశాఖపట్నం)

గుప్తోష్ణం ఎవరూ ఎత్తలేదు. గుప్తం అంటే దాగినది, ఇంత సూటి పేరు పుస్తకంలో ఇంకోటి లేదు. ఒక గ్రాము నీటిని 0 నుంచి 100 డిగ్రీలకి తేవడానికి 100 కెలోరీలు చాలు. 100 దగ్గర అదే గ్రాముని ఆవిరి చెయ్యడానికి మాత్రం 540 కెలోరీలు కావాలి. అంత వేడి పోసినా థర్మామీటరు కదలదు, వేడంతా ఆవిరిలో దాక్కుంటుంది. ఆవిరి తిరిగి నీరైనప్పుడు దాగిన వేడి బయటపడుతుంది. ఆవిరి తగిలితే మరిగే నీళ్ళకంటే ఎక్కువ కాలేది అందుకే.

బంగాళాఖాతంలో వాయుగుండం తుపానయ్యేది కూడా దీనివల్లే. వెచ్చటి సముద్రం మీంచి లేచిన ఆవిరి పైన మబ్బుగా మారుతూ వేడి వదులుతుంది, ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కిందనుంచి మరింత ఆవిరిని లాక్కుంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా తీరం దాటినప్పుడు చెట్లని పెకలించిన బలం మొదట సముద్రం మీద ఆవిరిలో దాగి ఉన్న వేడే. నేల మీదికి వచ్చాక ఆవిరి అందక తుపాను నీరసిస్తుంది. మీ పిల్లలకి అది గుర్తుండకపోయినా, ఇంట్లో పెద్దవాళ్ళని ఆ రోజు గురించి అడిగి రమ్మనండి. గుప్తోష్ణం పాఠం దాని మీదే నడపొచ్చు.