గ్రాఫీన్ ఆక్సైడ్ ప్రోటీన్‌ను నిజంగా 'ఎంచుకుంటుందా'?

తెల్లసొన: పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. కోడిగుడ్డు తెల్లసొన నుంచి లైసోజైమ్ అనే ఎంజైమ్‌ను గ్రాఫీన్ ఆక్సైడ్‌తో (ఆక్సిజన్ చేరిన అతిపల్చని కార్బన్ పొరలు) వేరుచేస్తున్నాను. పీహెచ్ 7 దగ్గర గ్రాఫీన్ ఆక్సైడ్‌కి రుణావేశం. లైసోజైమ్ ఐసోఎలక్ట్రిక్ పాయింట్ (ప్రోటీన్ మొత్తం ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) దాదాపు 11, అంటే పీహెచ్ 7 దగ్గర ధనావేశంతో ఉండి వెళ్లి అతుక్కుంటుంది. తెల్లసొనలో ఎక్కువగా ఉండే ఓవల్బుమిన్ ప్రోటీన్‌ది 4.5 దగ్గర, అదీ రుణావేశమే కాబట్టి ద్రావణంలోనే మిగిలిపోతుంది. ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే జెల్ మీద, లైసోజైమ్ బరువైన 14 కిలోడాల్టన్ల దగ్గర ఒక్కటే బ్యాండ్ వచ్చింది. దీన్ని సెలెక్టివ్ (కావలసిన ప్రోటీన్‌నే ఎంచుకునేది) అనొచ్చనే నేనంటాను. ల్యాబ్‌లో మా సీనియర్ ఒప్పుకోవడం లేదు.

పాతకాలమ్: మీ సీనియర్ చెప్పిందే సరి తమ్ముడూ. ఆవేశాన్ని బట్టి పట్టుకునే పని కేటయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ (ధనావేశం ఉన్నవాటిని పట్టే రుణావేశపు పూసలు) ఎప్పటినుంచో చేస్తోంది. పైగా తెల్లసొనలో ఎవిడిన్ అనే ఇంకో ప్రోటీన్ కూడా ఉంటుంది. దాని ఐసోఎలక్ట్రిక్ పాయింట్ 10 దగ్గర, అదీ అతుక్కోవాల్సిందే. మొత్తం ప్రోటీన్‌లో 0.05 శాతమే ఉంటుంది, దాని బ్యాండ్ 16 కిలోడాల్టన్ల దగ్గర, మీ లైసోజైమ్ పక్కనే పడుతుంది. జెల్‌లో ఎలా కనబడుతుంది?

నానోపొర: అన్నా, విస్తీర్ణం సంగతి వదిలేశారు. గ్రాఫీన్‌కి సిద్ధాంతపరంగా గ్రాముకు 2,630 చదరపు మీటర్లు. రెజిన్‌గా వాడే అగరోజ్ పూసలో ప్రోటీన్ రంధ్రాల్లోకి మెల్లగా దూరాలి. ఇక్కడ పొరకి రెండువైపులా చోటే. ఐరన్ ఆక్సైడ్ కణాలు చేరిస్తే అయస్కాంతంతో లాగేయొచ్చు. ఎంపిక కావాలంటే పొరను మార్చుకోవచ్చు కదా: బోరోనిక్ యాసిడ్ కడితే గ్లైకోప్రోటీన్ల (చక్కెరలు అంటుకున్న ప్రోటీన్లు) మీది చక్కెరలను పట్టుకుంటుంది, నికెల్ కడితే హిస్టిడిన్ ట్యాగ్‌ను (ప్రోటీన్ చివర మనం తగిలించే చిన్న తోక).

పాతకాలమ్: అక్కడే నా వాదన! పట్టుకునేది నికెల్. దాన్ని అగరోజ్‌కి కట్టినా హిస్టిడిన్‌నే పట్టుకుంటుంది. 2,630 అనేది విడివిడి పొరల లెక్క. ఎండబెట్టగానే అవి ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఇంకా ఆక్సీకరణ జరగని చోట్లు జలవిరోధి, అక్కడికి ఏ ప్రోటీనైనా చేరుతుంది, ఉప్పుతో కడిగినా ఒక పట్టాన వదలదు. నేను సీరమ్‌తో చేసినప్పుడు ముందు ఆల్బుమినే వచ్చి కూర్చుంది. పీఈజీ (ప్రోటీన్లు అతుక్కోనివ్వని పాలిమర్) పూత వేశాక గానీ తగ్గలేదు. నాలుగు నెలలు పోయాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

ఎంజైమ్‌అక్క: బయటికి తీసిన లైసోజైమ్ పనిచేస్తోందా అన్నది ఎవరూ అడగలేదేం? పొర మీద మడత విప్పుకుని ఉంటే జెల్ ఆ సంగతి చెప్పదు. జెల్‌లో వాడే ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ఎలాగూ మడతలన్నీ విప్పేస్తుంది. లైసోజైమ్ పగలగొట్టే మైక్రోకాకస్ బాక్టీరియా కణాలు కలిపిన బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) వేసి, 450 నానోమీటర్ల దగ్గర మసక ఎంత వేగంగా తగ్గుతోందో చూడు.

తెల్లసొన: చూడలేదక్కా. జెల్ బాగా రావడంతో అక్కడే ఆగిపోయాను, అది తప్పే. ఎవిడిన్ మాటా ఒప్పుకుంటున్నా అన్నా, అది గట్టిగా పట్టుకునే బయోటిన్ అనే విటమిన్‌తో పరీక్షిస్తాను. కానీ రెజిన్ కన్నా ఇది తక్కువ పదార్థంతో, త్వరగా పట్టుకుంటుందనే ఇప్పటికీ నమ్ముతున్నా. అదే తెల్లసొన, అదే బఫర్‌తో రెజిన్‌ను కూడా పక్కన పెట్టి నడుపుతాను. రెండు జెల్ ఫొటోలూ, యాక్టివిటీ లెక్కలూ ఇక్కడే పెడతాను.